నోటి క్యాన్సర్ చెకప్ రివ్యూ: లైటు మెషిన్ కన్నా డాక్టర్ వేలు ముఖ్యం

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 4.5. నేను రాస్తున్నది డెంటల్ క్లినిక్‌లో చేసే నోటి క్యాన్సర్ చెకప్ గురించి, దాని తర్వాత అవసరమైతే చేసే బయాప్సీ (మచ్చలోంచి చిన్న ముక్క తీసి టెస్ట్‌కి పంపడం) గురించి, అంటే మొత్తం ఆ సర్వీసు గురించి. మా బాబాయ్‌కి నాలుక పక్కన మచ్చ కనిపిస్తే తోడు వెళ్ళింది నేనే, ఒక క్లినిక్‌లో ఒక రకంగా చూశారు ఇంకో క్లినిక్‌లో పూర్తిగా వేరే రకంగా చూశారు, ఆ తేడా కళ్ళారా చూశాక ఇది వివరంగా రాయకపోతే తప్పనిపించింది. క్లినిక్‌ల పేర్లు చెప్పను, అసలు విషయం పేరులో లేదు, చెకప్ ఎలా చేశారు అన్నదాంట్లో ఉంది. 4.5 ఇచ్చింది రెండో చోట జరిగినదానికి. మొదటి చోట జరిగినదానికి 1 కూడా ఎక్కువే.

బాబాయ్ మచ్చ ఎలా ఉండేదంటే, నాలుక ఎడమ అంచు మీద, వెనక దవడ పళ్ళు తగిలే చోట, చిటికెన వేలి గోరంత సైజు, మధ్యలో తెల్లగా ఉండి చుట్టూ అక్కడక్కడా ఎర్రగా, తుడిస్తే పోదు. నొప్పి లేదు. మంట కూడా లేదు, కారం తగిలినప్పుడు కాస్త చురుక్కుమనేది అంతే. అందుకే ఇంట్లో అందరూ పన్ను గీసుకుని ఉంటుందిలే, విటమిన్ తక్కువయ్యి ఉంటుందిలే అన్నారు. ఇక్కడే ఒక్క మాట గట్టిగా చెప్పాలి, మామూలు నోటి పూత బాగా నొప్పి పెడుతుంది, మధ్యలో పసుపు తెలుపు కలిసినట్టు ఉండి చుట్టూ ఎర్రటి గీత ఉంటుంది, వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే మానిపోతుంది. క్యాన్సర్ వైపు వెళ్ళే మచ్చ మొదట్లో చాలాసార్లు అస్సలు నొప్పి పెట్టదు. మనం నొప్పిని బట్టి సీరియస్సా కాదా అని లెక్కేస్తాం, కానీ ఈ జబ్బు దగ్గర ఆ లెక్క తలకిందులవుతుంది. నొప్పి లేకుండా రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, మచ్చ, గడ్డ ఏదైనా సరే చూపించుకోవాల్సిందే. బ్రిటన్‌లో డాక్టర్లకిచ్చే 2015 గైడ్‌లైన్‌లో కూడా ఇదే ఉంది, కారణం తెలియని నోటి పుండు 3 వారాలు దాటితే క్యాన్సర్ స్పెషలిస్ట్‌కి తొందరగా పంపాలని.

మొదటి క్లినిక్ సంగతి. రిసెప్షన్‌లోనే పెద్ద పోస్టర్, నోటి క్యాన్సర్‌ని నిమిషంలో పట్టేసే లైటు అని. బాబాయ్‌ని కుర్చీలో పడుకోబెట్టి, గదిలో లైట్లు తీసేసి, నీలం లైటు నోట్లోకి కొట్టి చూసి, మరీ నల్లగా ఏం కనిపించట్లేదు, సేఫ్ అండి అన్నారు. నాలుక బయటికి లాగి చూడలేదు. మెడ మీద చెయ్యి వెయ్యలేదు. గ్లౌజ్ వేసుకున్న వేలు ఆ మచ్చకి తగల్లేదు కూడా. ఎప్పటినుంచి ఉంది అని అడిగారు గానీ జవాబు పూర్తిగా వినకుండానే మౌత్ వాష్, విటమిన్ మాత్రలు, ఒక జెల్ రాసిచ్చేశారు, నెల తర్వాత రమ్మన్నారు. బాబాయ్ హ్యాపీగా బయటికొచ్చాడు, నాకు మాత్రం మనసొప్పలేదు, ఎందుకంటే ముట్టుకోకుండా ఎలా చెప్పారా అని. జెల్ రాస్తూనే ఉన్నాం, మచ్చ ఇసుమంత కూడా తగ్గలేదు. అప్పుడు పట్టుబట్టి ఇంకో చోటికి తీసుకెళ్ళా, అక్కడ ఓరల్ మెడిసిన్ స్పెషలిస్ట్, అంటే నోటి జబ్బులు చూసే డాక్టర్ ఉన్నారు, ఆవిడ చేసిన చెకప్పే నేను ఇక్కడ రివ్యూ చేస్తున్నది.

ఆవిడ మొదట నోరు తెరవమనలేదు. కూర్చోబెట్టి మొహం చూశారు, రెండు వైపులా ఒకేలా ఉందా ఏదైనా వాపు ఉందా అని, తర్వాత వెనక నిలబడి రెండు చేతులతో గడ్డం కింద నుంచి మొదలుపెట్టి, దవడ అంచు వెంబడి, చెవి కింద, మెడ పక్కన కండరం పొడుగునా కాలర్ ఎముక దాకా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చారు. ఏం చూస్తున్నారు మేడం అంటే, గ్రంథులండి, జలుబు చేసినప్పుడు ఉబ్బే గ్రంథి నొక్కితే నొప్పి పెడుతుంది, మెత్తగా కదులుతుంది, క్యాన్సర్ పాకిన గ్రంథి గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు, కొన్నిసార్లు ఉన్నచోటే అతుక్కుని కదలదు అన్నారు. ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పారు, టాన్సిల్ దగ్గర, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి హెచ్‌పీవీ వైరస్ కారణం, వాటిల్లో నోట్లో ఏమీ కనిపించకుండా మెడలో గడ్డే మొదటి గుర్తు కావచ్చట. నోరు చూడ్డానికి వచ్చి మెడ చూడకుండా పంపిస్తే సగం చెకప్ జరగనట్టే లెక్క.

తర్వాత పెదవులు, లోపలి వైపు తిప్పి మరీ చూశారు. ఆ తర్వాత బుగ్గలు, అద్దంతో పక్కకి లాగి పై నుంచి కిందకి, చిట్టచివరి దవడ పన్ను వెనక ఉండే మూల దాకా. ఆ మూల చాలామంది వదిలేస్తారట, అక్కడ కూడా వస్తుంది. చిగుళ్ళు రెండు వైపులా, లోపలా బయటా. అంగిలి. ‘ఆ’ అనమని గొంతు వెనక భాగం. ఇంతవరకు ఒక ఎత్తు, నాలుక ఒక ఎత్తు. గాజ్ గుడ్డ ముక్కతో నాలుక కొస పట్టుకుని మెల్లగా ముందుకి లాగి కుడికి తిప్పి, ఎడమకి తిప్పి, అంచు మొత్తం వెనక దాకా చూశారు. అలా లాగితేనే బాబాయ్ మచ్చ అసలు సైజు తెలిసింది, మేం అద్దంలో చూసింది ముందు భాగమే, వెనక ఇంకొంచెం సాగి ఉంది, ఆ వెనక భాగమే ఎక్కువ ఎర్రగా ఉంది. గాజ్‌తో గట్టిగా రుద్ది చూశారు, ఫంగస్ వల్ల వచ్చే తెల్లపూత అయితే చాలావరకు రుద్దితే వచ్చేస్తుంది, ఇది రాలేదు. తర్వాత నాలుక పైకెత్తమని కింద చూశారు, ఒక వేలు నాలుక కింద పెట్టి ఇంకో చేత్తో బయట గడ్డం కింద నుంచి నొక్కి, రెండు చేతుల మధ్య ఏదైనా గట్టిగా తగుల్తుందేమో అని. నాలుక అంచులు, నాలుక కింద భాగం, ఈ రెండూ ఎక్కువ రిస్క్ ఉన్న చోట్లు, మనకి మాత్రం మామూలుగా నోరు తెరిచి అద్దంలో చూస్తే కనిపించనివి కూడా అవే.

ఆ తర్వాత అసలు మచ్చ మీద వేలు పెట్టి నొక్కారు. ఇదే నా దృష్టిలో మొత్తం చెకప్‌లో అతి ముఖ్యమైన పని. మామూలు పుండు పట్టుకుంటే చుట్టూ మెత్తగానే ఉంటుంది, క్యాన్సర్‌గా మారిన పుండు కింద, అంచుల చుట్టూ కండ ఎండిన తోలు ముక్కలా బిగుసుకుని తగులుతుంది, అంచులు మందంగా పైకి లేచి ఉంటాయి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. ఇది ఏ ఫోటోలోనూ కనిపించదు, ఏ లైటూ చూపించదు, వేలికే తెలుస్తుంది. బాబాయ్‌ది చాలావరకు మెత్తగానే ఉంది, వెనక వైపు మాత్రం కాస్త మందంగా తగుల్తోంది అన్నారు, నా చేతికి గ్లౌజ్ వేయించి నన్నూ పట్టుకుని చూడమన్నారు, నిజంగానే తేడా తెలిసింది. కొలత తీసుకుని, ఫోటో తీసి, నోటి బొమ్మ ఉన్న పేపర్ మీద ఎక్కడుందో గీసి పెట్టారు. ఇదంతా కలిపి పెద్ద టైమేం పట్టలేదు, కొన్ని నిమిషాలే, మరి మొదటి చోట ఆ కొన్ని నిమిషాలు ఎందుకు పెట్టలేకపోయారో నాకిప్పటికీ అర్థం కాదు.

మధ్యలో ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, ఆ ప్రశ్నలు కూడా మామూలువి కావు. చెవి నొప్పి ఉందా, చెవిలో ఏ ఇన్ఫెక్షనూ లేకుండా ఒక వైపే నొప్పి వస్తుంటే అది నాలుకలోంచో గొంతులోంచో కూడా రావచ్చట, నరాల దారి ఒకటే కాబట్టి. కింది పెదవి, గడ్డం దగ్గర తిమ్మిరిగా ఉంటోందా. చిగుళ్ళ జబ్బు లేకుండా ఏదైనా పన్ను ఉన్నట్టుండి కదిలిందా. పన్ను పీకించిన గుంత మానకుండా ఉందా. కట్టుడు పళ్ళు ఇన్నాళ్ళు సరిపోయి ఇప్పుడు పట్టట్లేదా. మింగుతుంటే ఏదైనా అడ్డుపడుతోందా, మాట ముద్దగా వస్తోందా, గొంతు మారిందా. నోరు మునుపటిలా తెరుచుకుంటోందా, నిలువుగా మూడు వేళ్ళు పడుతున్నాయా అని పెట్టించి చూశారు కూడా. ఆ చివరిది ముఖ్యంగా వక్క నమిలేవాళ్ళ కోసం, బుగ్గ లోపల తెల్లగా పాలిపోయి తాళ్ళు కట్టినట్టు బిగిసిపోయి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది, ఆ పరిస్థితి తర్వాత క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. పొగాకు కలపని వక్క ఏం చెయ్యదు అనే నమ్మకం చాలా గట్టిగా ఉంది, అది పూర్తిగా తప్పు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. పొగ తాగడం, పొగాకు నమలడం, మందు ఇవి ఎటూ ఉన్నవే, పొగ మందు రెండూ కలిస్తే రిస్కు కూడికలా కాదు, చాలా రెట్లు పెరుగుతుంది. అలాగని ఏ అలవాటూ లేనివాళ్ళకి రాదని కాదు, చిన్న వయసులో ఏ అలవాటూ లేకుండా నాలుక క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఉన్నారు, అందుకని నాకేం అలవాట్లు లేవు కదా అని మానని పుండుని వదిలెయ్యకూడదు.

ఇప్పుడు ఆ లైటు మెషిన్ సంగతి, ఎందుకంటే చాలా క్లినిక్‌లు దాన్నే చూపించి జనాన్ని రప్పిస్తున్నాయి. రెండో చోట కూడా లైటు ఉంది, కానీ ఆవిడ దాన్ని చివర్లో, అదీ మచ్చ అంచులు ఎక్కడిదాకా ఉన్నాయో అంచనాకి మాత్రం వాడారు. అది పనిచేసే పద్ధతి చెప్తే మోసం కాదని తెలుస్తుంది, కానీ హద్దులూ తెలుస్తాయి. నీలం కాంతి పడితే ఆరోగ్యంగా ఉన్న పొర ఆకుపచ్చగా వెలుగుతుంది, కణాలు మారిపోయిన చోట ఆ వెలుగు తగ్గి నల్లగా కనిపిస్తుంది. చిక్కేంటంటే, మామూలు వాపు ఉన్నా నల్లగా కనిపిస్తుంది, పన్ను గీసుకున్న చోటా నల్లగా కనిపిస్తుంది, సహజంగా రంగు మచ్చ ఉన్నా నల్లగా కనిపిస్తుంది. ఇంకోవైపు కొన్ని ప్రమాదకరమైన తెల్ల మచ్చలు నల్లగా కనిపించకపోవచ్చు. అంటే నల్లగా ఉంటే క్యాన్సర్ అని కాదు, లేకపోతే సేఫ్ అనీ కాదు. నీలం రంగు పూసే టెస్టు కూడా అంతే, టొలూడిన్ బ్లూ అంటారు, కణ కేంద్రాలు ఎక్కువగా ఉన్న చోట రంగు పట్టుకుంటుంది, మామూలు పుండుకీ పట్టుకుంటుంది. బ్రష్‌తో గీకి కణాలు తీసే టెస్టు ఈ రెండిటికన్నా కాస్త నయం, కానీ అది పై పొరల కణాల్ని విడివిడిగా చూపిస్తుంది, కింద పొర దాటి లోపలికి దిగిందా లేదా చెప్పలేదు.

ఇది నా ఒక్కళ్ళ అభిప్రాయం కాదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన గైడ్‌లైన్‌లో అనుమానం ఉన్న మచ్చ కనిపిస్తే ఈ లైట్లూ రంగులూ వాడి వడపోత చేసి బయాప్సీ వద్దు అనుకోకూడదని, నేరుగా బయాప్సీ చెయ్యాలి లేదా చేసేవాళ్ళ దగ్గరికి పంపాలని ఉంది. పేషెంట్ బయాప్సీకి ఒప్పుకోకపోతే, స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్ళే వీలు లేకపోతే, అప్పుడు మాత్రం కణాల టెస్టు చేసి చూడొచ్చట, దాంట్లో తేడా వస్తే దాన్ని చూపించి ఒప్పించడానికి. కాబట్టి లైటు వేసి సేఫ్ అని పంపేసే సర్వీసు దగ్గరికి వెళ్ళకండి, వెళ్ళినా అక్కడితో ఆగకండి. ఆ ఒక్క మాట వల్ల మనిషి నిశ్చింతగా నెలలు గడిపేస్తాడు, అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

ఇక బయాప్సీ సంగతి. ఆ మాట వినగానే బాబాయ్ మొహం మాడిపోయింది, పిన్ని అయితే ఫోన్‌లోనే ఏడుపు, వద్దు కత్తి పెడితే పాకిపోతుంది అని. ఈ భయం వల్ల ఎంతమంది ఆగిపోతున్నారో, అందుకే ఇది కాస్త ఎక్కువ రాస్తున్నా. ముక్క తియ్యడం వల్ల నోటి క్యాన్సర్ ముదిరి పాకుతుంది అనేదానికి ఆధారం లేదు. బయాప్సీ తర్వాత జబ్బు ముదిరింది అని చెప్పే చాలా కథల్లో మనిషి బయాప్సీకి వచ్చేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది, తర్వాత ట్రీట్‌మెంట్ కూడా వాయిదా వేసి ఉంటాడు, నింద మాత్రం కత్తి మీద పడుతుంది. డాక్టర్ గారు పిన్నితో స్పీకర్‌లో మాట్లాడి ఇదే చెప్పారు, అమ్మా ముక్క తియ్యకపోతే మచ్చ ఆగిపోదమ్మా, అదేంటో మనకి తెలియకుండా పెరుగుతుంది అంతే అన్నారు. చాలా ఓపిగ్గా చెప్పారు, విసుక్కోలేదు, అందుకు ఆవిడకి ప్రత్యేకంగా థాంక్స్.

చేసింది ఇలా. మత్తు ఇంజక్షన్, పన్ను పీకేటప్పుడు ఇచ్చేదే, మచ్చ మధ్యలో కాకుండా పక్కన ఇచ్చారు, మందు ముక్కలోకి వెళ్తే ల్యాబ్‌లో కణాలు సరిగా కనిపించవట. సన్నటి గుండ్రటి బ్లేడు ఉన్న పరికరంతో కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీశారు, ఎక్కువ ఎర్రగా మందంగా ఉన్న వెనక భాగం నుంచి, కాస్త లోతుగా. ముక్క ఎక్కడి నుంచి తీశారు అన్నది చాలా పెద్ద విషయం, పుండు మధ్యలో కుళ్ళిన చోట తీస్తే చచ్చిన కణాలే వస్తాయి, పైపైన గీకినట్టు తీస్తే కింద పొర దాటిందో లేదో తెలియదు, అప్పుడు రిపోర్ట్‌లో ఏమీ లేదని వచ్చినా దానికి విలువ ఉండదు. ముక్కని చిమటాతో నలపకుండా జాగ్రత్తగా ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) సీసాలో వేసి, మా ముందే పేరు, ఏ వైపు, ఏ చోట అని లేబుల్ రాశారు. ఒకట్రెండు కుట్లు. ఇంజక్షన్ నొప్పి తప్ప బాబాయ్‌కి ఇంకేం తెలియలేదు, సాయంత్రం కాస్త సలుపు, మెత్తటి చల్లటి తిండి తినమన్నారు, వేడివి, కారం వద్దన్నారు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అని ముందే అడిగారు, వాడేవాళ్ళు ఈ విషయం అడక్కపోయినా చెప్పండి, అలాగని మీ అంతట మీరు ఆ మందులు ఆపెయ్యకండి, డాక్టర్ చెప్తేనే.

ఇంకో మంచి పని, మచ్చ మొత్తం ఒకేసారి కోసెయ్యలేదు. నేనే అడిగా, ఎలాగూ కోస్తున్నారు కదా మొత్తం తీసెయ్యొచ్చుగా అని. ఒకవేళ ఇది క్యాన్సర్ అని వస్తే ఎంత మేర తియ్యాలి, మెడ గ్రంథులు తియ్యాలా అని నిర్ణయించే సర్జన్‌కి మచ్చ అసలు ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నది కనిపించాలి, ముందే తీసేస్తే ఆ హద్దులు పోతాయి, అందుకే అనుమానం ఉన్నవాటికి మొదట ముక్కే తీస్తాం అన్నారు. ఈ ఒక్క జవాబుతోనే ఈవిడకి పని తెలుసు అని నమ్మకం కుదిరింది నాకు.

రిపోర్ట్‌లో వచ్చింది మోడరేట్ డిస్‌ప్లేషియా. అంటే క్యాన్సర్ కాదు, కానీ పొరలో కణాలు మారడం మొదలైంది, ఆ మార్పు అడుగు నుంచి మొదలై మధ్య వరకు వచ్చింది. తక్కువ మార్పు, మధ్యరకం, తీవ్రం అని మూడు మెట్లుంటాయి, తీవ్రం తర్వాత కింద పొర దాటి లోపలికి దిగితే దాన్ని క్యాన్సర్ అంటారు. నోటి క్యాన్సర్లలో 90 శాతానికి పైన ఈ పై పొర కణాల్లోంచి వచ్చే స్క్వామస్ రకమే. డిస్‌ప్లేషియా ఉన్న ప్రతి మచ్చా క్యాన్సర్ అయిపోదు, కానీ ఏది అవుతుందో ముందే ఎవరూ చెప్పలేరు, నాలుక అంచున ఉంటే రిస్కు ఎక్కువ కాబట్టి తీసేయించుకోవడం మంచిదన్నారు, తీయించేశాం. ఎర్ర మచ్చల గురించి ఇక్కడే ఒకటి చెప్పాలి. జనం తెల్ల మచ్చకి భయపడతారు, ఎర్ర మచ్చని వేడి చేసిందిలే అని వదిలేస్తారు. 1975లో షేఫర్, వాల్డ్రన్ అనే ఇద్దరు పాథాలజిస్టులు నోటిలో వచ్చే కారణం తెలియని ఎర్ర మచ్చల బయాప్సీలు పరిశీలిస్తే సగానికి సగం అప్పటికే లోపలికి దిగిన క్యాన్సర్, మిగతావాటిలో కూడా ఎక్కువ శాతం తీవ్రమైన మార్పులే. తెల్ల మచ్చల్లో అంత ఉండదు. ఎరుపు, తెలుపు కలిసిన మచ్చ ఉత్త తెల్ల మచ్చ కన్నా ప్రమాదం, బాబాయ్‌ది అలాంటిదే, మొదటి క్లినిక్‌లో జెల్ రాసిచ్చింది దానికే.

ఒకవేళ క్యాన్సర్ అనే వస్తే తర్వాత ఏంటని కూడా అడిగి తెలుసుకున్నా. ఎంఆర్ఐ గానీ సీటీ గానీ తీసి ఎంత లోతు, ఎముక దాకా వెళ్ళిందా చూస్తారు, మెడలో గ్రంథి అనుమానంగా ఉంటే సన్నటి సూదితో కణాలు తీసి చూస్తారు. స్టేజ్ అంటే మనం సైజే అనుకుంటాం, కానీ 2018 నుంచి వాడుతున్న స్టేజింగ్‌లో లోతు కూడా లెక్కలోకి వచ్చింది, 2 సెంటీమీటర్లు దాటకుండా, లోతు 5 మిల్లీమీటర్లు దాటకుండా ఉంటేనే టీ1, అంటే గడ్డ కొలతల్లో అన్నిటికన్నా చిన్న మెట్టు. పైకి చిన్నగా కనిపించి లోతుగా దిగినవి ఉంటాయి కాబట్టే ఈ మార్పు. మెడ గ్రంథికి పాకిందంటే బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది, నోట్లోనే చిన్నగా ఉండగా పట్టుకుంటే 5 ఏళ్ళు దాటేవాళ్ళు 100లో 80 మంది పైనే. ఈ తేడా చాలావరకు ఎంత తొందరగా ముక్క తీశారు అన్నదాని మీద ఉంది.

అయితే అందరూ వెళ్ళి ఈ చెకప్ చేయించుకోవాలా? నిజాయితీగా చెప్పాలంటే దీని మీద నిపుణులందరిదీ ఒకే మాట కాదు. ఏ లక్షణాలూ లేని పెద్దవాళ్ళందరికీ మామూలు డాక్టర్లు ఇలా చూడటం వల్ల లాభమో నష్టమో తేల్చడానికి ఆధారాలు సరిపోవని అమెరికా ప్రివెంటివ్ టాస్క్ ఫోర్స్ (ముందస్తు పరీక్షల మీద సలహాలిచ్చే నిపుణుల బృందం) 2013లో చెప్పింది. ఇంకోవైపు కేరళలో తిరువనంతపురం దగ్గర లక్షా 90 వేల మందికి పైగా ఉన్న పెద్ద స్టడీ జరిగింది, ఫలితాలు 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, మెషిన్లేమీ లేవు, ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్లు ఇళ్ళకి వెళ్ళి కళ్ళతో చూసి చేత్తో పట్టుకుని పరీక్ష చేశారు అంతే, పొగాకు లేదా మందు అలవాటు ఉన్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. ఏ అలవాటూ లేనివాళ్ళలో అలాంటి లాభం కనిపించలేదు. కాబట్టి నా సలహా ఇది, అలవాట్లు ఉన్నవాళ్ళు, మానేసినవాళ్ళు కూడా, క్రమం తప్పకుండా చూపించుకోండి, అలవాట్లు లేనివాళ్ళు పళ్ళ కోసం ఎలాగూ వెళ్తారు కదా అప్పుడు నాలుక, మెడ కూడా చూడండి అని నోరు తెరిచి అడగండి, చాలామంది అడిగితే చేస్తారు. ఇక మానని పుండో మచ్చో ఉన్నవాళ్ళకి ఈ చర్చే వర్తించదు, వాళ్ళకి కావాల్సింది స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్ళని ముందుగా చూడటం) కాదు, డయాగ్నోసిస్ (ఉన్న మచ్చ ఏంటో తేల్చడం), వెంటనే వెళ్ళాలి. 2022లో ప్రపంచం మొత్తం మీద పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు 3 లక్షల 89 వేలు, చావులు 1 లక్షా 88 వేలు. కంటికి కనిపించే చోట, వేలికి అందే చోట వచ్చే జబ్బుకి ఇన్ని చావులంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇంట్లో చూసుకోవడం కూడా ఆవిడే నేర్పించారు. మంచి వెలుతురులో అద్దం ముందు, కట్టుడు పళ్ళు ఉంటే తీసేసి, పెదవులు తిప్పి, బుగ్గలు వేలితో లాగి, శుభ్రమైన గుడ్డతో నాలుక పట్టుకుని రెండు పక్కలా, తర్వాత నాలుక పైకెత్తి కింద, తల వెనక్కి వాల్చి అంగిలి, ఆఖర్న మెడ రెండు వైపులా వేళ్ళతో. నాలుక మొదట్లో పెద్ద పెద్ద గుండ్రటి బొడిపెలు వరుసగా కనిపిస్తే కంగారు పడకండి, అవి అందరికీ ఉంటాయి. రెండు వైపులా ఒకేలా ఉన్నది చాలావరకు మామూలే, ఒక వైపు ఉండి రెండో వైపు లేనిది అనుమానించాలి. ఏదైనా కనిపిస్తే ఆ రోజే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, తేదీ తెలుస్తుంది, ఎప్పటినుంచి ఉంది అన్నప్పుడు మొన్నటి నుంచే అనుకుంటా అనే గందరగోళం ఉండదు. అక్కడ పదునుగా విరిగిన పన్ను ఉంటే దాన్ని సరిచేయించి రెండు వారాలు చూడొచ్చు, మానిపోతే సరే, మానకపోతే పన్ను మీదకి తొయ్యకుండా బయాప్సీకి వెళ్ళండి.

ఇక ఆ సగం మార్కు ఎందుకు కోశానంటే రిపోర్ట్ ఇచ్చే పద్ధతి. ల్యాబ్ నుంచి కాగితం నేరుగా బాబాయ్ ఫోన్‌కి వచ్చేసింది, డాక్టర్ చూసి చెప్పకముందే, ఆ ఇంగ్లిష్ మాటలు చూసి ఇంట్లో అందరికీ ఆ రాత్రి నిద్ర లేదు, డిస్‌ప్లేషియా అంటే క్యాన్సరే అని ఎవరో చెప్పారు ఇంకెవరో కాదన్నారు. ముక్క తీసిన రోజే రిపోర్ట్‌లో ఏమేం రావొచ్చు, ఒక్కోదానికి అర్థమేంటి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అని ఒక కాగితం చేతికిస్తే ఆ బాధ ఉండేది కాదు. ఈ మాట ఆవిడకి చెప్పా, రిపోర్ట్ ఇకనుంచి ముందు తనకి వచ్చేలా చూస్తానన్నారు. మిగతాదంతా ఫుల్ మార్కులే, తీసేసిన ముక్క అంచుల్లో మారిన కణాలు మిగిలాయా లేదా అనే రిపోర్ట్ కూడా కూర్చోబెట్టి చదివి చెప్పారు, పొగ పూర్తిగా మానేయించడానికి మందులూ కౌన్సెలింగూ చూసిచ్చారు, ఒకసారి మారిన నోట్లో వేరే చోట కూడా కొత్తగా రావచ్చు కాబట్టి ఫాలోఅప్ ఏళ్ళ తరబడి ఉంటుందని మొహమాటం లేకుండా చెప్పారు. బాబాయ్ ఇప్పుడు కొన్ని నెలలకోసారి వెళ్తున్నాడు, వెళ్ళిన ప్రతిసారీ పాత ఫోటో పక్కన పెట్టుకుని నాలుక లాగి చూస్తారు, మెడ పట్టి చూస్తారు, అది చెయ్యకుండా ఒక్కసారి కూడా పంపలేదు.